కారేది ఆయిల్, చేరేది ఉప్పు

డిఫరెన్షియల్ ఆయిల్ సీలు కారుతోందంటే ముందు కంటబడేది నేల మీది మరక. ఆ మరకే రోగమనుకుంటాం. పోయినంత ఆయిల్ మళ్లీ పోస్తే బండి నడుస్తుందనుకుంటాం. అనంతపురంలాంటి పొడినేలలో ఈ లెక్క కొంతకాలం చెల్లుతుంది కూడా. మిన్నీ బేలో చెల్లదు. 2024లో శ్రీ విజయపురం అని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో, సముద్రం ఒడ్డునే ఉన్న పేట అది. ఆ ఊళ్లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. నైరుతి వెళ్లిందనుకునేలోపు ఈశాన్యం దిగుతుంది. వాన లేని రోజున కూడా గాలిలో ఉప్పు ఉండనే ఉంటుంది. అలాంటి చోట సీలు పాడైతే అసలు నష్టం బయటికి పోయే ఆయిల్‌తో కాదు, లోపలికి వచ్చే ఉప్పునీటితో. ఇది ఒప్పుకుంటే సీలు ఎప్పుడు మార్చాలన్నదే కాదు, ఎలా మార్చాలన్నది కూడా వేరుగా ఆలోచించాల్సి వస్తుంది.

స్పోర్ట్స్ కారుతో మొదలుపెడితే ఈ సంగతి తేలిగ్గా బోధపడుతుంది. మన దేశానికి దగ్గరి చుట్టరికం ఉన్న స్పోర్ట్స్ కారు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. 1962లో ఇంగ్లండ్‌లో వచ్చిన ఆ కారుకు ఆధారం హెరాల్డ్. ఆ హెరాల్డ్‌నే 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ తయారుచేసింది. రెండింటికీ వెనక అమరిక ఒకే వంశానిది. డిఫరెన్షియల్ ఛాసిస్‌కు కదలకుండా బిగించి ఉంటుంది, దాని నుంచి రెండు పక్కలకు షాఫ్టులు వెళ్లి చక్రాలను తిప్పుతాయి. కాబట్టి ఆయిల్ కారే దారులు మూడు: ముందు పినియన్ దగ్గర ఒకటి, పక్కల రెండు. ఆ హౌసింగ్‌లో పట్టే ఆయిల్ ఒక్క పైంటు, అంటే 570 మిల్లీలీటర్లు. క్రౌన్ వీలు, పినియన్, బేరింగులు అన్నీ ఆ కొద్దిపాటి ఆయిల్ మీదే బతకాలి. ఇరవై చుక్కలకు ఒక మిల్లీలీటరు అనుకుందాం. బండి నడుస్తున్నంతసేపూ నిమిషానికో చుక్క కారినా గంటకు పోయేది మూడు మిల్లీలీటర్లే. సగం ఆయిల్ పోవడానికి తొంభై గంటలకు పైగా నడవాలి. అంటే ఆయిల్ పోవడం నెమ్మది వ్యవహారం, జాగ్రత్తగల మనిషి పసిగట్టగలిగిన వ్యవహారం. లోపలికి నీరు రావడం అలా కాదు.

నడిచే బండిలో గేర్ల రాపిడికి ఆయిల్ వేడెక్కుతుంది, దాంతోపాటు హౌసింగ్‌లోని గాలీ వ్యాకోచిస్తుంది. ఆ గాలి పోవడానికే పైన బ్రీదర్ అనే చిన్న రంధ్రం పెడతారు. స్పిట్‌ఫైర్‌లో ఆ రంధ్రంలో వదులుగా ఒక స్ప్లిట్ పిన్ను వేలాడుతుంది. బండి అదురుకు అది ఆడుతూ మురికి పేరుకోకుండా చూస్తుంది. అంత చిన్న వస్తువు మీద అంత ఆలోచన పెట్టినవాళ్లను మెచ్చుకోవాలి. ఇప్పుడా రంధ్రం తుప్పుతోనో బురదతోనో మూసుకుపోయిందనుకోండి. 30 డిగ్రీల దగ్గర ఉన్న గాలి 90 డిగ్రీలకు చేరితే లోపలి ఒత్తిడి అయిదో వంతు పెరుగుతుంది. ఆ ఒత్తిడి సీలు పెదవిని తోసుకుని ఆయిల్‌ను బయటికి పంపుతుంది. అప్పుడే బండి నీళ్లలో దిగితే హౌసింగ్ గభాలున చల్లబడి, గాలి కుంచించుకుపోయి, అదే దారిన బయటి నీటిని లోపలికి పీలుస్తుంది. అర లీటరు గాలి 80 డిగ్రీల నుంచి 30కి దిగితే దాని ఘనపరిమాణం 70 మిల్లీలీటర్లు తగ్గుతుంది. ఆ ఖాళీ అంతా నీటితోనే నిండదు. సగం నిండినా ఒక్క మునకలో జరిగిన పని అది. 2004 సునామీ నాటి భూకంపానికి పోర్ట్ బ్లెయిర్ ప్రాంతం దాదాపు ఒక మీటరు కుంగింది. సిప్పీఘాట్ పల్లపు భూముల్లోకి పోటు నీరు వచ్చి నిలిచింది. సముద్రపు నీరు చేలల్లోకి, రోడ్ల మీదికి వచ్చే చోట ఇది పుస్తకాల్లో లెక్క మాత్రమే కాదు.

ఆయిల్ బయటికి తోసుకొస్తుంటే నీరు ఎదురెక్కి ఎలా వస్తుందని అడగవచ్చు. సీలు పని చేసే తీరు తెలిస్తే ఆ సందేహం ఉండదు. నైట్రైల్ రబ్బరు పెదవి షాఫ్టును నేరుగా ఒరుసుకోదు. మధ్యలో కంటికి ఆనని పలచని ఆయిల్ పొర ఉంటుంది. పెదవికి ఆయిల్ వైపు వాలు నిటారుగా, గాలి వైపు వాలు ఏటవాలుగా చెక్కుతారు. దానివల్ల షాఫ్టు తిరిగేటప్పుడు ఆ పొర బయటి నుంచి లోపలికి నడుస్తుంది. మంచి సీలు ఆయిల్‌ను నిలబెట్టేది ఈ గుణంతోనే. బయట నీరు నిలిస్తే ఆ గుణమే నీటినీ లోపలికి లాగుతుంది. అందుకే చాలా సీళ్లకు బయటివైపు దుమ్మును ఆపే రెండో పెదవి పెడతారు. అది అరిగి, అసలు పెదవీ గట్టిపడ్డాక రెండు వైపులా అడ్డు తొలగినట్టే.

ఇంకో అభ్యంతరం దీనికన్నా బలమైనది. అంబాసిడర్లు, జీపులు వెనక ఇరుసు కారుతూనే ఏళ్ల తరబడి తిరగలేదా? కాస్త నీరు చేరినా దూరప్రయాణంలో వేడికి ఆవిరై బ్రీదర్ గుండా పోదా? పోతుంది, అది మంచినీరైతే. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నీరు ఆవిరైనా ఉప్పు లోపలే ఉండిపోతుంది, మళ్లీ తేమ తగలగానే పని మొదలుపెడుతుంది. పైగా మిన్నీ బే నుంచి జంగ్లీఘాట్‌కో అబర్డీన్ బజారుకో వెళ్లొస్తే ఆ కొద్ది దూరంలో ఆయిల్ సరిగా వేడెక్కనే వేడెక్కదు. నునుపుగా మెరవాల్సిన బేరింగు రోలరు మీద ఒక్క తుప్పు చుక్క లేచినా అక్కడి నుంచి పెచ్చులూడటం మొదలవుతుంది, దాని వెంట రొద వస్తుంది. అప్పుడు పోయేది సీలు ఖరీదు కాదు, క్రౌన్ పినియన్ ఖరీదు. పడవ ఇంజన్ల మీద బతికే మన శ్రీకాకుళం మత్స్యకారులకు ఉప్పు ఇనుమును ఏం చేస్తుందో ఒకరు చెప్పక్కర్లేదు. ఆ ఎరుక బండి అడుగుకూ కావాలి.

అందుకని ఇక్కడ సీలు మార్చడం పాత ఆయిల్‌ను చూడటంతో మొదలవ్వాలి. పాలు కలిపిన టీ రంగులోకి తిరిగి ఉంటే నీరు చేరినట్టే. అప్పుడు వెనక మూత తీసి బేరింగులు చూడకుండా కొత్త సీలు కొట్టడం తప్పు. తర్వాత బ్రీదర్ శుభ్రం చేయాలి. అది మూసుకుపోయి ఉంటే కొత్త సీలుకూ పాతదాని గతే. ఆ తర్వాత షాఫ్టు. పెదవి ఆనిన చోట గోటితో గీసి చూస్తే గాడి తెలుస్తుంది. గోరు పట్టుకుందంటే కొత్త సీలు అక్కడే కూర్చోకూడదు. దాన్ని ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికో బయటికో జరపాలి, లేదా గాడి మీద పలచని స్టీలు తొడుగు ఎక్కించాలి. పినియన్ సీలైతే నట్టు విప్పకముందే నట్టుకూ షాఫ్టుకూ కలిపి గుర్తు పెట్టుకోవడం ప్రాణం లాంటిది. నలిగే స్పేసరున్న డిఫరెన్షియల్‌లో బేరింగు బిగువు ఆ నట్టు మీదే ఆధారపడుతుంది. ఎక్కువ బిగిస్తే బేరింగు కాలుతుంది, తక్కువైతే పినియన్ ఊగి కొత్త సీలునూ కోస్తుంది. ఇక సీలు కొట్టేటప్పుడు స్ప్రింగున్న ముఖం ఆయిల్ వైపుండాలి, పెదవికి ఆయిల్ పూయాలి, షాఫ్టు పళ్లకు టేపు చుట్టాలి. అంచు మీద సమంగా ఆనే పైపు ముక్కతో, వంకర పోకుండా దింపాలి.

సీలు కోసం ఇంత విప్పుతారా అని కస్టమరు విసుక్కోవడం సహజమే, పనిరోజు పోతుంది కాబట్టి. అయితే విశాఖ నుంచో చెన్నై నుంచో ఓడలో సామాను రావడానికి సముద్రం మీదే మూడు రోజుల దాకా పడుతుంది. సగం చూసి మూసేసిన హౌసింగ్‌ను మళ్లీ విప్పాల్సి వస్తే బండి ఆ ఓడ కోసం ఎదురుచూస్తూ నిలబడిపోతుంది. నిలబడిన బండికీ క్షేమం లేదు. పెదవి షాఫ్టు మీద ఒకేచోట ఆనుకుని ఉంటే ఆ గీత పక్కనే ఉప్పుగాలికి తుప్పు పుట్టి, కదిలిన నాడు ఆ గరుకే పెదవిని తినేస్తుంది. స్పోర్ట్స్ కారును షెడ్డులో ముసుగేసి దాచుకునేవారికి ఇది మరీ వర్తిస్తుంది. వారానికోసారైనా ఆయిల్ వేడెక్కేంత దూరం తిప్పాలి. సామాను ఒకేసారి తెప్పించుకోవాలి: పినియన్ సీలు, రెండు పక్క సీళ్లు, కొత్త నట్టు, స్పేసరు, వెనక మూత గ్యాస్కెట్టు, ఆ గేర్లకు కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిల్. పాత సీలు ముఖం మీద కొలతలు అచ్చువేసి ఉంటే లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం ఆ వరుసలోనే రాసి పంపాలి. అవి చెరిగిపోయి ఉంటే షాఫ్టునూ హౌసింగ్ గూడునూ వెర్నియర్‌తో కొలిచి రాయాలి.