వైన్స్‌లో దొరకని తెల్లది

గోదావరిఖని చౌరస్తాలో దిగి నాలుగడుగులు వేస్తే 'వైన్స్' బోర్డు పలకరిస్తుంది. లోపలికి తొంగిచూస్తే మాత్రం విస్కీ, బ్రాందీ, బీరు సీసాలే! విదేశంలో చదువుకొచ్చిన మిత్రుడొకరు మాతో వచ్చారు. 'తక్కువ ధరలో మంచి వైట్‌వైన్ ఉందా?' అని అడిగారు. కౌంటర్‌లో కుర్రాడు నవ్వేశాడు. 'తెల్లది కావాల్నంటే మండువకు పోండ్రి సార్.'

ఆ మాటలో నిజం లేకపోలేదు. ద్రాక్షతోటలున్న చోట వైన్, తాటిచెట్లున్న చోట కల్లు. రెండింటిలోనూ చెట్టు ఇచ్చిన తీపిని ఈస్టు పులియబెడుతుంది. తేడా ఎక్కడంటే, వైన్ ఏళ్ల తరబడి ఆగుతుంది. కల్లు మర్నాటి దాకా కూడా ఆగదు.

అందుకే పొద్దున్నే ఊరి చివర తాటివనానికి వెళ్లాం. దూరంగా ఎన్టీపీసీ పొగగొట్టాలు. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన కార్మికులు నలుగురు అప్పటికే చెట్టు కింద కూర్చున్నారు. మోకు, ముత్తాదుతో చెట్టెక్కిన గౌడన్న లొట్టి దించి, మడిచిన తాటాకు రేకలో పోశాడు. తియ్యగా, నాలుకపై కాస్త చురుక్కుమంటూ ఉంది. మా మిత్రుడి కళ్లు మెరిశాయి. వైన్ సీసా ధరలో ఇది చిన్న వంతే మరి!

'పొద్దుగాల తియ్యగుంటది, పొద్దుగూకితే పుల్లగైతది బిడ్డా. ఎప్పుడు తాగినా ఒక్కతీరే ఉంటే అనుమానపడాలె' అన్నాడు గౌడన్న.

ఆ అనుమానం ఊరికే వచ్చింది కాదు. చెట్లు తక్కువై, అడిగేవాళ్లు ఎక్కువైన చోట నీళ్లలో మత్తుమందు కలిపి కల్లని అమ్మేవాళ్లు పుట్టుకొచ్చారు. డైజోపాం, ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్... ఇవన్నీ వైద్యుల చేతిలో ఉండాల్సిన మందులు. 2015లో తెలంగాణలో కల్తీకల్లుపై దాడులు జరిగి సరఫరా ఆగిపోతే, అలవాటుపడ్డవాళ్లు వణుకుతూ, పిచ్చిచూపులు చూస్తూ ఆస్పత్రులకు చేరారు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీకల్లు ప్రాణాలే తీసింది.

రంగు, రుచి చూసి మందు కలిసిందని తేల్చలేం. అది ప్రయోగశాల చెప్పాల్సిన మాట. తాగేవాడికి మిగిలిన భరోసా ఒక్కటే. చెట్టు కళ్లెదురుగా ఉండాలి, దించిన మనిషి తెలిసినవాడై ఉండాలి.

బొగ్గుగడ్డపై ఆ భరోసాకే ఎసరొస్తోంది. సింగరేణిలో భూగర్భ గని అయితే కింద బొగ్గు తవ్వుతున్నా పైన తాటిచెట్టు నిలబడే ఉండొచ్చు. ఓపెన్‌కాస్ట్ అయితే మట్టిపొరతో పాటు చెట్టూ లేచిపోతుంది. వనం పోతే గౌడన్న వృత్తి పోతుంది. కల్లు ఎక్కడి నుంచో డబ్బాల్లో వస్తుంది. ఎవరు దించారో, ఏం కలిపారో అడిగే వీలుండదు. మొక్క నాటితే సరిపోతుందా అంటే, తాటి గీతకు రావడానికి పది పదిహేనేళ్లకు పైనే పడుతుంది.

పులియని నీరాకు 2023లో హైదరాబాద్ నెక్లెస్‌రోడ్డులో ప్రభుత్వం కేఫ్ తెరిచింది. అలాంటిది ఇక్కడా వస్తే తాగనివాళ్లూ, పిల్లలూ ఆ తీపి చూడొచ్చు.

తిరిగి వస్తుంటే మా మిత్రుడు వైట్‌వైన్ ఊసెత్తలేదు. 'ఈ చెట్లు ఇంకెన్నాళ్లుంటాయి?' అని మాత్రం అడిగారు. గౌడన్న అప్పటికే ఇంకో చెట్టు ఎక్కుతున్నాడు.