మా మోతీ కడపటి దినములు

మనుష్యునకు నొప్పి కలిగినచో నోరు విప్పి చెప్పుకొనును. చెప్పనేరని పసిబిడ్డ యేడ్చును. కుక్క పలుమారు ఈ రెండును చేయదు. బాధను లోలోపలనే దాచుకొని, యజమాని పిలిచినప్పుడు తోక యాడించుచునే యుండును. ఈ సంగతి నేను మిక్కిలి ఆలస్యముగా నేర్చుకొంటిని. నేను నేర్చుకొనుటకు మా మోతీ పడిన బాధ కొంచెము కాదు. కావున నా యనుభవమును, అందలి నా తప్పులతో సహా, ఈ పత్రికను చదువు బాలబాలికలకును వారి తలిదండ్రులకును విన్నవింప దలచితిని.

మోతీని మన పాఠశాలలోని పై తరగతులవారు ఎరుగుదురు. 2015వ సంవత్సరము వానకాలమున, రెండు నెలల పిల్లగా, అది బందరులోని మా యింటికి వచ్చినది. లాబ్రడారు జాతిది. ఒడలు గోధుమవన్నె. పెరిగి పెద్దదైన పిమ్మట 34 కిలోల బరువు తూగెను. ప్రతిదినము ఉదయమున నా వెంట పాఠశాల ద్వారము వరకు వచ్చి, మొదటి గంట మ్రోగువరకు అచట కూర్చుండి, పిదప తనంతట తానే యింటికి మరలి పోవుచుండెను. ఆలస్యముగా వచ్చు పిల్లలు, "మోతీ వెళ్లిపోయినదా?" అని యొకరినొకరు అడిగికొనుచు పరుగెత్తుట నేను వినుచుండెడివాడను.

2023వ సంవత్సరము జూలై నెలలో అది ముందరి కుడికాలిని కొంచెము కుంటుట చూచితిని. ముల్లు గ్రుచ్చుకొనినదేమో యని పాదమును వెదకితిని, ముల్లు లేదు. మా పేటలోని పశువైద్యుడు చూచి, బెణుకు కావచ్చునని కొన్ని దినములకు మందిచ్చెను. ఆయనను నేను నిందింపను. ఈ వ్యాధి తొలిదశలో బెణుకువలెనే కనబడునని తరువాత తెలిసికొంటిని. మందు తినిన దినములలో కుంటు తగ్గెను. మందు నిలువగానే మరల హెచ్చెను. అంతలో మణికట్టునకు పైన నిమ్మకాయంత వాపు కనబడెను. పొరుగువారు ఆముదము కాచి మర్దన చేయుమనిరి. చేసితిమి. మోతీ కాలు వెనుకకు లాగికొనెను గాని, మూలుగనైన లేదు. మూలుగలేదు గనుక నొప్పి లేదని నేను తలచితిని.

అంతకంటె పెద్ద తప్పు మరియొకటి చేసితిని. ఒక రాత్రి అది నిద్రపోక రొప్పుచుండగా, ఒంటినొప్పులకు నేను వాడుకొను ఐబుప్రొఫెన్ మాత్రలో సగము పెరుగన్నములో కలిపి పెట్టితిని. మరునాడును అట్లే చేసితిని. మూడవనాడు దానికి వాంతులును, తారువలె నల్లని విరేచనమును కలిగెను. వైద్యుడు పరుగున వచ్చి, "మాస్టరుగారూ, మనకు పనికివచ్చు మాత్ర కుక్కకు విషము కాగలదు. దీనికి కడుపులో పుండు పడి రక్తము కారుచున్నది. మూత్రపిండములు కూడ చెడవచ్చును," అని చెప్పెను. దైవవశమున అది వారము దినములలో కోలుకొనెను. ఆ వారమంతయు నేను దాని ముఖము సరిగా చూడలేకపోతిని. అది మాత్రము నన్ను చూచి తోక యాడించుట మానలేదు.

ఆగస్టు నెల నడుమ మోతీని కారులో పరుండబెట్టుకొని గన్నవరము పశువైద్య కళాశాల ఆసుపత్రికి పోతిమి. అచటి వైద్యురాలుగారు ఎక్సురే తీయించి మాకు చూపిరి. ఎముక యొకచోట చెదలు తినిన వాసమువలె డొల్లయై యుండెను. ఆ ప్రక్కనే క్రొత్త ఎముక క్రమము తప్పి, కిరణములవలె వెలుపలికి చిమ్ముకొని యుండెను. ఇది ఆస్టియోసార్కోమా యను ఎముక క్యాన్సరు కావచ్చునని ఆమె చెప్పిరి. సూదితో తీసిన నమూనాను సూక్ష్మదర్శినిలో పరీక్షించిన పిమ్మట ఆ మాట నిశ్చయమయ్యెను.

కుక్కల ఎముకలలో పుట్టు క్యాన్సరులలో ఇదియే మిక్కిలి సామాన్యమైనదట. పెద్ద యొడలుగల జాతులకు, ఏడెనిమిది యేండ్ల యీడున తరచుగా వచ్చునట. ముందరికాళ్లలో మోచేతికి దూరముగను, వెనుకకాళ్లలో మోకాలికి దగ్గరగను పుట్టుట దీని స్వభావము. గుర్తుపట్టునాటికే పదింట తొమ్మిది కుక్కలలో వ్యాధికణములు ఊపిరితిత్తులకు చేరియుండును. అవి మిక్కిలి సూక్ష్మములగుటచే ఎక్సురేలో కనబడవు. మోతీ రొమ్ము ఎక్సురే నిర్మలముగ నున్నదని మేము సంతోషించుచుండగా, ఆమె ఈ సంగతి మెల్లగా తెలిపిరి.

చికిత్సయెట్లని యడిగితిని. కాలిని తొలగించినచో ఆ నొప్పి తీరును గాని, సామాన్యముగా నాలుగైదు నెలలకంటె బ్రతుకు పొడుగు కాదు. దానితో కూడ కార్బోప్లాటిన్ వంటి మందులను మూడు నాలుగు వారముల కొకసారి ఎక్కించినచో పది పండ్రెండు నెలలు బ్రతుకవచ్చును. ఈ రెండును చేయక నొప్పి నణచుచు ఇంట చూచుకొనినచో, కొన్ని వారములు మొదలు మూడు నెలల వరకు. మూడు కాళ్లతో సుఖముగ తిరుగు కుక్కలు అనేకములు కలవని ఆమె చెప్పిరి. కాని మోతీకి వెనుక తుంటికీళ్లు అంతకు ముందే చెడియుండెను. ముందరికాలు పోయినచో ఆ కీళ్లు బరువు మోయజాలవు. ఖర్చు సంగతి నేను ఆలోచింపలేదని వ్రాసినచో అది కల్ల యగును, ఆలోచించితిని. కాని మమ్ము నిలిపినది ఆ తుంటికీళ్లే. ఇంటనే చూచుకొనుటకు నిశ్చయించితిమి.

ఆ దినము మొదలు మా యింటి రూపమే మారెను. నున్నని పలకల నేలపై కాలు జారినచో డొల్లయైన ఎముక విరుగునని, గదులన్నిటను కొబ్బరిపీచు పట్టలు, గోనెసంచులు పరచితిమి. వీథి యరుగు మెట్లకు బల్ల యడ్డము పెట్టితిమి. తల వంచిన కొలది బరువు ముందరికాళ్లపై పడును గనుక, అన్నపుగిన్నెను పీటమీద నుంచితిమి. పాత బొంతలు మూడు కుట్టి పరుపు చేసితిమి. బయటికి పోవునప్పుడు తుండుగుడ్డను రొమ్ముక్రింద పోనిచ్చి రెండు కొసలును పట్టుకొని, బరువులో కొంత మేము మోయుచుంటిమి. ఆముదపు మర్దన నాటితో మానితిమి. గడ్డను పిసుకుట బాధను హెచ్చించును గాని తగ్గింపదు.

వైద్యురాలుగారు వ్రాసి యిచ్చిన మందులు రెండు: మెలాక్సికామ్ దినమున కొకసారి అన్నము తినిన పిమ్మట, గబాపెంటిన్ పూటపూటకు. అవి దాని బరువునుబట్టి లెక్కించినవి. నొప్పి వచ్చిన పిదప మందు వెదకుట కాదు, నొప్పి రాకముందే వేళ తప్పక యిచ్చుట ముఖ్యమని ఆమె చెప్పిరి. నెలకొకసారి రక్తపరీక్ష చేయించితిమి. విరేచనము నల్లబడినదేమో యని ప్రతిదినము చూచుట నా వంతు. పూర్వము చేసిన తప్పునకు అది నాకు తగిన పనియే.

మందు పట్టిన పిమ్మట మోతీకి మంచి దినములు వచ్చినవి. సెప్టెంబరు నెలలో అది మరల ద్వారము కడ కూర్చుండి, బడికి పోవు పిల్లలను చూచుచుండెను. కొందరు పిల్లలు సాయంకాలము వచ్చి దాని చెంత కూర్చుండి పాఠములు చదివికొనిరి. వారి నోట బిస్కత్తుల వాసన వచ్చినప్పుడు దాని చెవులు నిక్కుట చూచి మేము నవ్వితిమి.

నొప్పిని ఎట్లు కనిపెట్టవలెనో ఈ దినములలోనే నేర్చుకొంటిమి. రాత్రివేళ చలిగానున్నను రొప్పుట, ఒకచోట పరుండక లేచి తిరుగుట, వాచినచోట మాటిమాటికి నాకుట, చెవులు వెనుకకు వాల్చుట, మనుష్యులకు దూరముగ మంచము క్రిందికి పోవుట: ఇవన్నియు కుక్క మాటలే. అమెరికా దేశపు పశువైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ ఇట్టి రోగపు జంతువులకై యొక పట్టికను ఏర్పరచినది. నొప్పి, ఆకలి, దాహము, శుభ్రత, సంతోషము, నడక, చెడుదినములకంటె మంచిదినములు హెచ్చుగనుండుట: ఈ యేడింటికిని ఒక్కొక్కదానికి 10కి మించకుండ మార్కులు వేయవలెను. మొత్తము 70కి 35 దాటినంతవరకు బ్రతుకు సుఖముగ నున్నదని లెక్క. ఎనిమిదవ తరగతి చదువుచున్న మా యమ్మాయి గీతల పుస్తకములో ఏడు గడులు గీసి, ప్రతి సాయంకాలము మార్కులు వేయ నారంభించెను.

అక్టోబరు కడపటి వారమున వాపు కొబ్బరికాయంత యయ్యెను. మోతీ ఆ కాలు నేల మోపదు. ఒకనాటి సాయంకాలము నేను 38 వేసితిని. అమ్మాయి 29 వేసెను. "నీకు మార్కులు వేయుట తెలియదు" అని గద్దించితిని. అది తల వంచుకొని, "నాన్నగారూ, సంతోషమునకు మీరు 8 వేసితిరి. నిన్న బిస్కత్తు పెట్టిన పిల్లలను అది తలయెత్తి చూడలేదు," అనెను. నేను మాటాడలేదు. ఇరువదియేడు సంవత్సరముల ఉపాధ్యాయ వృత్తిలో ఏ విద్యార్థికిని గ్రేసు మార్కులు వేయనివాడనని గర్వించువాడను. నా కుక్కకు వేసితిని. అదియు దాని కొరకు కాదు, నా కొరకు.

మా పేట వైద్యుడు వచ్చి చూచి, "ఎముక విరుగక ముందే నిద్రపుచ్చుట మేలు. విరిగినచో ఆ బాధ చెప్పనలవి కాదు," అనెను. దీపావళి పోనిమ్మంటిని. దీపావళి పోయిన పిదప పరీక్షలు కానిమ్మంటిని. ప్రాణము పోసినవాడే తీయవలెనని బంధువులు కొందరనిరి. ఆ మాట నాకు అనుకూలముగ నుండెను. ధర్మరాజు స్వర్గద్వారము కడ సైతము కుక్కను విడువలేదుకదా, నేనెట్లు విడుతునని మా అమ్మతో వాదించితిని. ఆమె యెనుబది యేండ్ల వృద్ధురాలు. కొంతసేపు ఊరకుండి, "ఒరే నాయనా, ధర్మరాజు కుక్కను విడువలేదు, నిజమే. కాని ఆ కుక్క తనంతట తాను వెంట నడచినది. నడువలేనిదానిని ఆయన యీడ్చుకొని పోలేదు," అనెను.

ఆ మాట వినియు మరి రెండు దినములు జాగుచేసితిని. నవంబరు 18వ తేదీ శనివారము రాత్రి పది గంటల వేళ, మోతీ నీళ్లకై లేచి రెండడుగులు వేసినది. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడయ్యెను. ఎన్నడు నరవని మోతీ అప్పుడు అరచినది. ఆ కేక నేను వర్ణింపను. వైద్యుడు ఊర లేడు. ఉన్న మందులిచ్చి, కాలు కదలకుండ దిండ్ల నడుమ నుంచి, తెల్లవార్లు దాని తల నా యొడిలో పెట్టుకొని కూర్చుంటిని. ఆ యేడు గంటలు నా జాగునకు ఫలము; కాని అనుభవించినది అది.

తెల్లవారుజామున వైద్యుడు వచ్చెను. మొదట మత్తుసూది వేసెను. మోతీ కనుబొమల ముడి విడిపోయి, నెలదినములుగ నేను చూడని నెమ్మదితో నిద్రపోయెను. పిదప రెండవ మందును నరములోనికి ఎక్కించెను. రెండు నిమిషములలో అంతయు ముగిసెను. నేను భయపడినది ఇందులో నేదియు లేదు. నేను భయపడవలసినది గడచిన రాత్రి జరిగిపోయెను. పెరటిలోని వేపచెట్టు క్రింద దానిని పూడ్చితిమి. మా యమ్మ మొదటి పిడికెడు మన్ను వేసెను.

ఆ సాయంకాలము పుస్తకము తెరచి, నేను వేసిన 38ని కొట్టివేసి, 29 అని వ్రాసి, క్రింద చేవ్రాలు చేసితిని. అమ్మాయి చూచి యేమియు ననలేదు. పుస్తకము తీసి జాగ్రత్త పెట్టెను.

బాలబాలికలారా! మీ యిండ్లలో కుక్కలు గలవు. పెద్ద కుక్క రెండు వారములకు మించి కుంటినయెడల, బెణుకని యూరకుండక ఎక్సురే తీయింపుడు. మన మాత్రలు దానికి పెట్టకుడు. అది యరవలేదు గనుక నొప్పి లేదని తలపకుడు. మార్కులు వేయవలసి వచ్చినప్పుడు ఉన్నవి ఉన్నట్లు వేయుడు. మీ చేయి వణకినచో ఇంటిలో మరియొకరిచే వేయింపుడు. తలిదండ్రులారా! అట్టివేళ మీ పిల్లలు వేసిన మార్కులను కొట్టివేయకుడు.

ఆ గీతల పుస్తకము మా యింట నున్నది. ఇట్టి రోగముగల కుక్కను ఇంట నుంచుకొనినవారెవరైనను వచ్చి చూచి, గడులు వ్రాసికొని పోవచ్చును.