ఉడతాభక్తికీ సంతకం కావాలి

ఓపెన్ సోర్స్ అనగానే మనవారికి తట్టే మాట ఉడతాభక్తి. చేతనైనంత ఎవరికి వారు తెచ్చి పోస్తే వారధి తయారవుతుందని భావం. ఉపమానం ముచ్చటైనదే. కాని లినక్స్ కెర్నెల్‌కు ఒకే ఒక్క వరుస కోడు పంపిన తరువాత, నాకు అందులో ఒక వెలితి కనిపించింది. ఉడుత తెచ్చిన ఇసుకను ఎవరైనా పరీక్షించినట్టు కథలో లేదు. ఇక్కడ మాత్రం ప్రతి రేణువునూ ఎవరో ఒకరు అరచేతిలో పోసుకుని చూడాలి.

నేను పంపినది చాలా చిన్న సవరణ. ఒక డ్రైవరులో పని మధ్యలో విఫలమైనప్పుడు, అప్పటికే తీసుకున్న మెమరీని తిరిగి అప్పగించకుండానే ఒక ఫంక్షను వెనుదిరుగుతోంది. అప్పగించే వరుస ఒకటి చేర్చాలి. కోడు రాయడానికి ఐదు నిమిషాలు, వివరణ రాయడానికి ఒక సాయంత్రం పట్టాయి. ఏమి మార్చామో కోడే చెబుతుంది. ఎందుకు మార్చామో మనం చెప్పాలి. ఆ లోపం ఏ పాత మార్పుతో ప్రవేశించిందో వెదికి, దాని గుర్తింపులో మొదటి 12 అక్షరాలు ఉదహరించాలి. చెక్‌ప్యాచ్ అనే స్క్రిప్టుతో రాతతీరు సరిచూసుకోవాలి. ఆ భాగానికి మెయింటెయినర్ ఎవరో కనుక్కుని ఈ-మెయిలులో పంపాలి.

పదకొండు రోజులకు జవాబు వచ్చింది. ఈ వైఫల్యాన్ని నిజంగా కలిగించి చూశారా, లేక కోడు చదివి కనిపెట్టారా అని అడిగారు. చదివి కనిపెట్టానని వివరణలో చేర్చి రెండవ ప్రతి పంపాను. స్వీకరించారు.

ఇంతకూ పంపే ముందు నా చేతిని కాసేపు ఆపినది ప్యాచి చివరనుండే ‘సైన్డ్ ఆఫ్ బై’ అన్న వరుస. యునిక్స్ కోడును లినక్స్‌లో చేర్చారని ఆరోపిస్తూ 2003లో ఎస్‌సీఓ సంస్థ ఐబీఎంపై దావా వేసింది. ఆ మరుసటి సంవత్సరం, 2004లో, లైనస్ టోర్వాల్డ్స్ ఈ పద్ధతిని ప్రవేశపెట్టారు. ఈ కోడును ఈ లైసెన్సు కింద ఇచ్చే హక్కు నాకుంది, ఈ సంగతి నా పేరుతో సహా బహిరంగంగా నిలిచిపోతుందని తెలుసు అని దాని సారాంశం. ప్యాచిని పైకి పంపే మెయింటెయినర్ కూడా కింద తన పేరు చేరుస్తాడు. దస్తావేజు మీద సాక్షి సంతకాల వంటివే ఇవీ.

అయితే సంతకం ఒక్కటే కాపాడదని 2024లో తేలింది. ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాఫ్టువేరును ఏళ్ళ తరబడి దాదాపు ఒక్కరే, జీతం లేకుండా, అలసిపోతూ నడిపారు. జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చి, రెండేళ్ళకు పైగా ఓపికగా ప్యాచిలు పంపి, నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 విడుదలలలో దొంగదారి అమర్చారు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్లు అర సెకను ఆలస్యమవుతున్నాయేమిటని ఆరా తీసిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామరు దాన్ని పట్టుకుని మార్చి 29న లోకానికి చెప్పారు.

ఆ ప్రాజెక్టుకు రాసిపెట్టేవాడు దొరికాడు. రాసినది పక్కన కూర్చుని చదివే రెండో మనిషి దొరకలేదు. మనం ప్యాచి పంపడమంటే ఒక అలసిన మనిషి సాయంత్రాన్ని అప్పు అడగడమే. ఆ అప్పు తీర్చే మార్గం ఒక్కటే నాకు తెలుసు: మరొకరి ప్యాచిని చదవడం.

అందుకని ఇప్పుడు నేనొకటి పంపితే ఇతరులవి రెండు చదువుతున్నాను. ఈ మధ్య ఒకదాన్ని మూడు సాయంత్రాలు చదివి, ఒకే ప్రశ్న వేశాను. ఆ రచయిత నాలుగు వరుసలు మార్చి మళ్ళీ పంపాడు. అప్పుడు దాని కింద ‘రివ్యూడ్ బై’ అని నా పేరు రాశాను. సొంత కోడు కింద రాసుకున్నప్పటికన్నా ఆ రోజే ఎక్కువసేపు ఆలోచించాను.

మీలో కోడు రాసే మిత్రులుంటారు. ఏ ప్రాజెక్టుకైనా సాయపడాలని ఉంటే, ముందుగా అక్కడ జవాబు కోసం ఎదురుచూస్తున్న ఒక ప్యాచిని చదివి చూడండి.