పానీ కిధర్ జాయేగా?

గేటు నుంచి వరండా దాకా మా ఇంటి ముందు ఇరవై అడుగుల దారి. బండి నిలిపేదీ అక్కడే, అమ్మీ వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేసేదీ అక్కడే. రెండు వానాకాలాలకే పేవర్ బ్లాకులు కొన్ని కుంగాయి, కొన్ని లేచాయి. వాకర్ కాలు వాటి సందుల్లో ఇరుక్కుంటోంది.

ఓ కాంట్రాక్టర్ వచ్చి చూశాడు. "తవ్వుడెందుకు సాబ్? దీనిమీదే ఇసుక పోసి కొత్తవి పరిచేద్దాం, ఒక్క రోజు పని" అన్నాడు. అమ్మీ మాత్రం "పహ్‌లే నీచే క్యా హై, వో దేఖో బేటా" అంది.

తవ్వించాను. మాది ఆదిలాబాద్, నల్లరేగడి జమీన్. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు బారుతుంది. పత్తికి నేమత్, ఫర్ష్‌కు ముసీబత్. బ్లాకుల కింద రెండంగుళాల ఇసుక, దాని కింద ఆ మట్టే. పాపం బ్లాకుల కసూర్ ఏమీ లేదు. మట్టి ఎటు కదిలితే అవీ అటే కదిలాయి.

ఈసారి పిలిచిన మేస్త్రీ చాచా ముందు హిసాబ్ చెప్పారు. బ్లాకు మందం 60 మిల్లీమీటర్లు. దాని కింద అంగుళం, అంగుళంన్నర ఇసుక. ఆ కింద కంకర, డస్ట్ కలిపిన పొర ఆరంగుళాలు. అన్నిటికంటే అడుగున, నల్లమట్టి తీసిన చోట మరో ఆరంగుళాల మొరం. అంతా ఒకేసారి పోసి తొక్కిస్తే పైన గట్టిపడి లోపల గుల్లగా ఉంటుందట. అందుకే మూడు నాలుగు అంగుళాలకో పొర పోసి, నీళ్లు చల్లి, మిషన్‌తో తొక్కించారు. మిషన్ అందని మూలల్లో దిమ్మిసతో కొట్టించారు. మొరం పిడికిట పట్టి చూపించారు. ముద్ద నిలవాలి, చేతికి నీళ్లు కారకూడదు.

రెండో రోజు పక్కింటి ఖాలా గోడ దగ్గరికొచ్చి ఒక్కటే అడిగింది. "బేటా, పానీ కిధర్ జాయేగా?"

ఒంటరి మనిషి. ఆమె గడప మా దారికంటే తక్కువ ఎత్తులో ఉంది. కాంట్రాక్టర్ చెప్పినట్టు చేసి ఉంటే మా దారి నాలుగంగుళాలు లేచేది. వాన నీళ్లు గోడ కిందుగా ఆమె ఇంట్లోకి దిగేవి.

నీళ్లు రోడ్డు కాలువకే పోవాలంటే వందకు రెండు చొప్పున వాలు కావాలి. ఇరవై అడుగులకు దాదాపు ఐదంగుళాలు. అంటే గేటు వైపు ఇంకా తవ్వాలి. మరో రోజు కూలీ, మరో ట్రాక్టర్ మట్టి బయటికి. చోటే భాయ్‌కి నచ్చలేదు. "ఆమె ఇల్లు ఆమె ఎత్తు చేసుకోవాలి భయ్యా, మనకేంటి?" అన్నాడు. పడోసీ హక్ గురించి దస్తర్‌ఖాన్ దగ్గర అందరం బాగానే మాట్లాడతాం. మా ఇంట్లో ఆ హక్ కొలత ఐదంగుళాలు. తవ్వమన్నాను. భాయ్ ఆ పూట నాతో మాట్లాడలేదు.

చాచా లెవెల్ పైపు పట్టి వాలు సరిచూశారు. అంచుల్లో రాళ్లు నిలబెట్టి సిమెంటుతో బిగించారు. అవి లేకపోతే బ్లాకులు పక్కలకు జరిగిపోతాయట. ఇసుక పరిచే ముందు, గట్టిపడ్డ కంకర పొరమీద వరండా దగ్గర రెండు బకెట్ల నీళ్లు కుమ్మరించారు. గోడవతల ఖాలా, ఇవతల భాయ్ చూస్తూ నిలబడ్డారు. కొంత ఇంకి, మిగిలిన నీళ్లు మెల్లగా గేటు దాటి కాలువలో పడ్డాయి. గోడ వైపు తడి కూడా చేరలేదు.

"అబ్ బిఛావో" అంది ఖాలా, మాకంటే ముందు.