రాణి విడిది, పెడన బట్ట

జనవరి 19

గుడివాడ రోడ్డులో కొత్తగా లేచిన డూప్లెక్స్‌కి కర్టెన్లు, దివాన్ కవర్లు నన్నే కుట్టమన్నారు. గృహప్రవేశం మార్చిలో. ఆ ఇంటి కోడలు ఫోన్ తీసి, "ఆంటీ, మా పై గది ఇలా ఉండాలి" అని వరసగా ఫొటోలు చూపించింది. ఫ్రాన్సులో వర్సైల్స్ రాజభవనానికి ఎడంగా, తోటల మధ్య ఉన్న చిన్న మేడవి అవి. పేరు పెటీ ట్రియనాన్. మేరీ ఆంటోనెట్ రాణి విడిది.

బట్టతో బతికేదాన్ని కాబట్టి నా కళ్లు ముందు పడకగది కుర్చీల మీదికే పోయాయి. తెల్లటి నూలుబట్ట మీద ఉన్ని దారంతో చేలో పూసే పూలు కుట్టారు. కుర్చీ చెక్కలో గోధుమ వెన్నులు, మల్లెతీగలు చెక్కి, వాటికి బంగారుపూత కాకుండా ఆకుకి ఆకు రంగు, పువ్వుకి పువ్వు రంగు వేశారు. 1787లో జార్జ్ జాకోబ్ అనే పనివాడు రాణి కోసం చేసిన సామానట. రాజుల ఇంట్లో అంత నెమ్మదైన కుర్చీ ఉంటుందని నేను అనుకోలేదు. ఫొటోలన్నీ నాకు పంపమన్నాను.

జనవరి 22

అన్నాలయ్యాక ఆ మేడ కథంతా చదివాను. పదిహేనో లూయీ తన ప్రియురాలు మదామ్ పాంపడూర్ కోసం 1762లో మొదలుపెట్టించాడు. ఆవిడ 1764లోనే పోయింది, మేడ 1768కి గానీ పూర్తి కాలేదు. కట్టినవాడు గాబ్రియెల్. నాలుగు ముఖాలూ ఒకేలా ఉండవు. ఏ వైపు ఏ రకం తోట ఉందో చూసుకుని ఆ వైపు గోడని దిద్దాడు. 1774లో పదహారో లూయీ గద్దెనెక్కగానే దాన్ని భార్య మేరీ ఆంటోనెట్‌కి ఇచ్చేశాడు. అప్పటికి ఆ పిల్లకి పద్దెనిమిదేళ్లు. పెద్ద భవనంలో నిద్ర లేచింది మొదలు నలుగురి కళ్లముందే బతకాలి. ఇక్కడికి మాత్రం ఆవిడ పిలిస్తేనే ఎవరైనా రావాలి.

పడకగది పక్కనున్న చిన్నగది గురించి చదివాక నిద్ర పట్టలేదు. ఆ గది కిటికీలకు కర్టెన్లతో పనిలేదు. యంత్రం తిప్పితే కింది నుంచి నిలువెత్తు అద్దాలు లేచి కిటికీలను మూసేస్తాయి. మూసినప్పుడు బయటివాళ్లకి ఏమీ కనపడదు, లోపల దీపం వెలుగు అద్దం నుంచి అద్దానికి పాకి గది పెద్దదవుతుంది. తెరిస్తే తోట. ఇన్నేళ్లుగా కిటికీలు కప్పే పని చేస్తున్నాను, ఇలాంటి ఊహ నాకెప్పుడూ రాలేదు. కిటికీ ఎవరి కోసం తెరుచుకోవాలి, ఎవరి కోసం మూసుకోవాలి అన్నది ఇంట్లో ఉన్న మనిషి చేతిలో పెట్టడమే ఆ పనితనం.

జనవరి 26

సెలవు కదా అని మధ్యాహ్నం తోట ఫొటోలు చూశాను. పదిహేనో లూయీ కాలంలో అక్కడ బెర్నార్డ్ ద జుస్సియూ అనే శాస్త్రవేత్త మొక్కలను కుటుంబాలుగా విడదీసి పెంచాడు. రాణి వచ్చాక ఆ మొక్కలను ప్యారిస్ తోటకి తరలించి, గీతగీసినట్టుండే మడుల స్థానంలో గుట్టలు, వంకర కాలవ, గుహ కట్టించింది. పన్నెండు స్తంభాల ప్రేమ మందిరం 1778లో లేచింది. వీటికి రూపం ఇచ్చింది రిషార్ మీక్ అనే వాస్తుశిల్పి. పెద్ద భవనం తోటలన్నీ కొలబద్దతో గీసినట్టుంటాయి, ఇక్కడ మాత్రం నడిచే కొద్దీ ఒక్కొక్కటి ఎదురవుతుంది. నాకు ఇదే బాగుంది.

బాధనిపించింది రాణి ఆ తోటలో 1783లో మొదలుపెట్టించిన పల్లెటూరు దగ్గర. చెరువు చుట్టూ పెంకుటిళ్లు, గడ్డి కప్పిన ఇళ్లు, మర, పాలగది. పాలు పట్టే పాత్రలు పింగాణీవి. కొత్త గోడలు పాతబడినట్టు కనపడాలని వాటి మీద పగుళ్లు రంగుతో గీయించారు. ఒంటరిగా, నిదానంగా బతకాలన్న ఆవిడ కోరికని నేను తప్పుపట్టను. కానీ నిజంగా పగిలిన గోడల మధ్య ఉన్నవాళ్లు ఆ కంచె అవతలే ఉన్నారు, రొట్టె దొరక్క. 1789 అక్టోబరు 5న ప్యారిస్ ఆడవాళ్లు వర్సైల్స్‌కి నడిచి వస్తున్నారన్న కబురు అందేసరికి ఆవిడ ఈ తోటలోనే ఉంది. మర్నాడు రాజు కుటుంబాన్ని ప్యారిస్‌కి తీసుకుపోయారు. మళ్లీ ఆవిడ ఆ మేడ చూడలేదు. సామాను వేలంలో అమ్మేశారు.

జనవరి 29

ఆ కుర్చీల బట్ట ఎక్కడిదా అని వెతుకుతుంటే, ఫ్రాన్సుకి పోయిన పూలబట్టల కథలో మన బందరు (మచిలీపట్నం) వచ్చింది!

1669 నుంచీ ఫ్రెంచివాళ్లకి మచిలీపట్నంలో కొట్టు ఉంది. ఇక్కడి అద్దకం బట్టలు అక్కడి పట్టు, ఉన్ని నేతగాళ్ల కడుపు కొడుతున్నాయన్న గోల పెరిగి, 1686లో వాళ్ల రాజు వీటి దిగుమతినీ, ఫ్రాన్సులో ఇలాంటివి అచ్చువేయడాన్నీ నిషేధించాడు. అయినా జనం ఆగలేదు. ఉతికితే పోని రంగు, ఒంటికి బరువు లేని నూలు, వాటి మీద తీగలు పాకిన తోట. ఎవరు వదులుకుంటారు? పెటీ ట్రియనాన్ ఎవరి కోసం మొదలైందో ఆ పాంపడూరే నిషేధం ఉండగానే తన బెల్‌వ్యూ మేడలో ఈ బట్టలు వేయించుకుంది.

1750లో బందరు ఫ్రెంచివాళ్ల చేతికి వచ్చింది, 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషువాళ్ల కర్నల్ ఫోర్డ్ పట్టుకోవడంతో పోయింది. అదే ఏడాది ఫ్రాన్సులో నిషేధం ఎత్తేశారు. మరుసటి సంవత్సరం ఒబర్‌కాంఫ్ అనే అతను వర్సైల్స్ పక్కనే జూయీ అనే ఊళ్లో, బియెవ్ర్ ఏటి నీళ్లు చూసుకుని, చెక్క అచ్చులతో పూలబట్ట అద్దడం మొదలుపెట్టాడు. 1783 నాటికి అది రాజముద్ర ఉన్న కార్ఖానా. మన తీరం పనిని వర్సైల్స్ గుమ్మంలోనే అద్దుకున్నారన్నమాట. అదే 1783లో రాణి పల్చటి తెల్ల మస్లిన్ గౌను వేసుకుని చిత్రం వేయించుకుంటే, రాణి లోపలి బట్టల్లో ఉందని జనం తిట్టిపోశారు. ప్రదర్శన నుంచి ఆ బొమ్మని తీసేయాల్సి వచ్చింది.

బందరులో ఫ్రెంచిపేట పేరు ఇప్పటికీ ఉంది. అక్కడి చిన్న జాగా 1947 అక్టోబరు దాకా ఫ్రాన్సుదే.

జనవరి 31

ఆ అద్దకం పని ఇప్పటికీ చేసే పెడనకి గుడివాడ మీదుగా వెళ్లాను. షెడ్డులోకి అడుగుపెట్టగానే కరక్కాయ, బెల్లం పులిసిన వాసన. బల్ల మీద తడిపిన గోనె పొరలు, వాటి మీద బట్ట. పెద్దాయన టేకు అచ్చుని రంగు తట్టలో ఒకసారి అద్ది, బట్ట మీద పెట్టి, అరచేతి కింది భాగంతో గట్టిగా ఒక్క దెబ్బ కొట్టాడు. అచ్చు లేపాడు. నల్లటి తీగ, ముందు పడిన తీగకి వెంట్రుకవాసి తేడా లేకుండా అతికింది.

"నలుపు ఎట్టా వస్తుంది బాబాయ్?"

"తుప్పు ఇనుము, బెల్లం, నీళ్లమ్మా. కుండలో పులియబెట్టాలి. కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడితేనే నలుపు. ఉత్త గుడ్డ మీద పడితే తుప్పు రంగే."

కరక్కాయ నీళ్లలో గేదెపాలు కలిపి ముంచుతారట, రంగు పాకిపోకుండా. ఎరుపు ఇంకా వింత. పటిక నీళ్లు అద్దినప్పుడు దాదాపు ఏమీ కనపడదు. వేరు రంగుతో రాగి డేగిసాలో ఉడికించాకే ఎరుపు తేలుతుంది. వెనకటికి చిరివేరు వాడేవాళ్లని ఆయన చెప్పాడు. ఉడుకు, ఉతుకు, ఎండ మళ్లీ మళ్లీ. "పారే నీళ్లు ఉంటేనే ఉతుకు, కాలవ కట్టేశారంటే మాకు కష్టమేనమ్మా" అన్నాడు.

ఆయన అరచేతి కింది భాగంలో కాయ కాసి ఉంది. తట్టి చూపించాడు, రాయిలా ఉంది.

జీవవృక్షం బొమ్మ ఉన్న పడక గుడ్డ ఒకటి విప్పించి చూశాను. కింద గుట్ట, గుట్ట మీది నుంచి మెలికలు తిరిగిన చెట్టు, ఒక్క చెట్టుకే పది రకాల పూలు. మన దగ్గర పూసేవి కొన్ని, ఎక్కడా పూయనివి కొన్ని. యూరప్ పడకగదుల కోసం ఇలాంటివే ఓడల్లో పోయేవి.

ఫిబ్రవరి 3

1734 ప్రాంతంలో బోలియూ అనే ఫ్రెంచి నావికాధికారి పుదుచ్చేరిలో కూర్చుని, కలంతో పూలు వేసే పనివాళ్ల పక్కనే ఒక్కో దశనీ రాసుకున్నాడు. ప్రతి దశలోనూ బట్ట ముక్క కత్తిరించి ఆ రాతలతోపాటు దాచాడు. అది ప్యారిస్‌లో ప్రకృతిశాస్త్ర మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. 1742లో కూర్దూ అనే పాదిరీ కూడా ఇదే పనిని ఉత్తరాల్లో రాసి పంపాడు. రాసినవాళ్ల పేర్లు మిగిలాయి. చేసి చూపించినవాళ్ల పేర్లు పోయాయి. ఇది నాకు మింగుడుపడడం లేదు. ట్రియనాన్ మెట్ల ఇనుప కటకటాలు చేసినవాడి పేరు కూడా పుస్తకాల్లో ఉంది, బ్రోషువా అని. పూలబట్ట అద్దినవాడి పేరు ఎందుకు ఉండకూడదు?

పెడన బట్టకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరికి పేరు వచ్చింది, సంతోషమే. మనిషికీ రావాలి. నేను కుట్టే కర్టెన్ లైనింగ్ లోపల అద్దినాయన పేరు తెలుగులో దారంతో కుడతాను. ఆయన్ని ఫోన్లో అడిగితే సిగ్గుపడి, సరేనన్నాడు.

ఫిబ్రవరి 8

గుడివాడ రోడ్డు ఇంటికి గుడ్డ పట్టుకెళ్లాను. అత్తగారు ముందు పెదవి విరిచారు: "ఇది మన దుప్పట్ల గుడ్డే కదమ్మా?" కోడలు మాత్రం నేల మీద పరిచి, గుట్ట నుంచి కొమ్మల దాకా వేలితో తడుముతూ పోయింది. ఫొటోలో కుర్చీ పక్కన పెట్టి చూపించాను. తెలుపు మీద పూలు, రంగులేసిన చెక్క, బంగారం లేదు. ఇక నేనేమీ చెప్పాల్సిన అవసరం రాలేదు. పెరటి వైపు కిటికీలకి పెడన, వీధి వైపు ఉత్త తెల్ల నూలు అని తేలింది. రంగు ఎండకి తట్టుకోవాలని పెరటి వైపు మందంగా లైనింగ్ వేయాలి.

కొలతలు: కిటికీ ఎత్తు ఐదున్నర అడుగులు, నేల దాకా దింపితే ఎనిమిది. చెట్టు మొదలు ఎప్పుడూ కిందే ఉండాలి కాబట్టి కోత పైనే పడాలి. కుచ్చిళ్లు ఎక్కువైతే చెట్టు ముడుచుకుపోతుంది, ఒకటిన్నర రెట్లు చాలు. బట్ట ముందు ఉతికి ఆరేసి, కుంచించుకున్నాకే కత్తెర పెట్టాలి.