పేర్లు పోయినాయి, గొంతులు దొరికినాయి

మన ఆఫీసు కంప్యూటర్ ఏమైందని వారంగా అందరూ అడుగుతా ఉన్నారు. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పేదానికన్నా ఇక్కడ రాసేస్తే మేలనుకున్నాం.

కరెంటు పోయి వచ్చినాక అది లేవలేదు. నల్లటి తెర మీద బూట్ డివైస్ లేదని ఒక వరుస, అంతే. చందా లెక్కలు నోటుబుక్కులో ఉండాయి కాబట్టి వాటికి భయం లేదు. భయమంతా 'అవ్వల పాటలు' ఫోల్డర్ గురించే. సాత్తూరు చుట్టూ ఊర్లు తిరిగి రికార్డు చేసిన లాలిపాటలు, పెండ్లి పాటలు, కలుపు పాటలు, కతలు అందులోనే ఉండాయి. పాడినవాళ్ళలో కొందరు ఇప్పుడు లేరు.

పెన్ను నిబ్బులకు పేరుపడిన ఊరు మనది. అయినా మన ఇండ్ల తెలుగు నిబ్బుకు ఎక్కింది తక్కువ. బడిలో తమిళం చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడే జనం మనం. కోవిల్‌పట్టి పక్కన ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారిది కూడా తెలుగు ఇల్లే. ఈ నల్లరేగడి జనం కతల్నీ మాటల్నీ పోగేసి ఆయన తమిళంలో రాసినారు. 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడెమీ బహుమానం వచ్చింది. ఆయన పుణ్యాన కతలు నిలిచినాయి. అవ్వ తెలుగులో పలికిన పలుకు మాత్రం ఆమె గొంతులోనే ఉండాది.

కంప్యూటర్ లేవకపోతే డ్రైవు చచ్చిపోయిందని కాదు. విండోస్ చెడినా లేవదు, డ్రైవు చెడినా లేవదు. డ్రైవులోనుంచి టక్ టక్ అని శబ్దం వస్తే వెంటనే కరెంటు తీసేయాల. లోపల నిమిషానికి 5400 లేకుంటే 7200 చుట్లు తిరిగే పళ్ళెం మీద, వెంట్రుక మందం కూడా లేని ఎడంలో హెడ్ నడుస్తాది. అది గీకిన చోట ఉన్న పాట మళ్ళీ రాదు. అట్లాంటిదాన్ని ఇంట్లో విప్పకూడదు, దుమ్ములేని గది ఉండే ల్యాబుకే పంపాల. మనదానికి శబ్దం లేదు, బయాస్‌లో దాని పేరు కూడా కనిపించింది.

ఇంజినీరింగ్ చదివే మన పిల్లోడొకడు వచ్చి డ్రైవు ఊడదీసి, యూఎస్‌బీ తీగతో తన ల్యాప్‌టాప్‌కు తగిలించినాడు. ఫార్మాట్ చేయాలా అని తెర అడిగింది. అవునని నొక్కమన్నారు ఎవరో. "వద్దు మామా, దీంట్లో ఒక్క అక్షరం కూడా కొత్తగా రాయకూడదు" అని వాడు చెయ్యి అడ్డం పెట్టినాడు. పెన్‌డ్రైవులోని లినక్స్‌తో ల్యాప్‌టాప్ లేపి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో మొత్తం డ్రైవును ఇంకో కొత్త డ్రైవులోకి కాపీ తీసినాడు. అది సులువుగా చదవగలిగినదంతా ముందు చదివేసి, మొండికేసిన చోట్ల దగ్గరికి చివర్లో మళ్ళీ పోతాది. రెండు రాత్రులు పట్టింది. ఆమీద వెతుకులాటంతా కాపీలోనే.

ఫోల్డర్ల పట్టీ చెడిపోయి ఉండింది. అందుకని ఫోటోరెక్ నడిపినాడు. అది పేర్లు చూడదు, ఫైలు మొదట్లో ఉండే గుర్తును బట్టి ఇది పాట, ఇది బొమ్మ అని ఏరుతాది. పాటలు వచ్చినాయి, కొన్ని సగంలో తెగినాయి. పేర్లు మాత్రం రాలేదు. ఫలానా అవ్వ, ఫలానా ఊరు అని ఉన్నచోట ఒక ఎఫ్, దాని వెనక వరుసగా అంకెలు.

ఇక్కడినుంచి పని మనది. పోయిన ఆదివారం పదిమంది కూర్చొని విన్నాం. ఒక లాలిపాట దగ్గర ఒకామె "ఇది మా అత్త గొంతు, ఆ దగ్గు వినండి" అనింది. ఇంకోదాంట్లో వెనక రైలు కూత విని, పట్టాల పక్క ఊరని ఇద్దరు పట్టేసినారు. ఆ దగ్గును గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ లేదు. గుర్తుపట్టే చెవులు ఇంకా మనలో ఉండాయి, అవీ ముసలివైపోతా ఉండాయి.

కాబట్టి ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆఫీసుకు రండి, ఇంట్లో పెద్దవాళ్ళను పిలుచుకొని రండి. గుర్తుపట్టిన గొంతుకు పేరు, ఊరు రాసిపెడదాం. తెలుగులో రాసినా సరే, తమిళంలో రాసినా సరే. కాపీలు మూడు ఉంటాయి: ఆఫీసులో ఒకటి, ఒక సభ్యుని ఇంట్లో ఒకటి, ఆన్‌లైన్‌లో ఒకటి. మీ వీధిలో పాడే అవ్వ ఎవరైనా ఉంటే చెప్పండి, వస్తాం. ఇకమీద పాటకు ముందు పేరూ ఊరూ అవ్వ నోటితోనే చెప్పించి రికార్డు చేస్తాం.