తిరుచానూరు పద్మసరోవరపు మెట్లమీద

గడచిన మాఘమాసమున మా మేనత్తగారితోను మామగారితోను కలసి చిత్తూరునుండి తిరుచానూరు పోయివచ్చితిని. తిరుపతికి అయిదు కిలోమీటర్ల దూరముననున్న ఈ యూరిని చూడనివారు మనలో అరుదు. కనుక గోపురమును, ప్రాకారమును వర్ణించి సోదరీమణుల కాలము హరింపను. మేము పోయిన పని వేఱు.

మా మామగారికి డెబ్బదియొకటవ యేడు. మతిమఱపు వ్యాధి సోకి నాలుగేండ్లాయెను. వైద్యులు దీనిని డిమెన్షియా అందురు. అందు ఎక్కువగా కనబడు రూపమునకు, 1906లో దానిని మొదట వివరించిన జర్మనీ వైద్యుని పేరిట, ఆల్జీమర్సు అని పేరు. మనదేశమున అరువదేండ్లు నిండినవారిలో 88 లక్షలమందికి డిమెన్షియా యున్నదని 2023లో వెలువడిన యొక అంచనా. అట్టి ఇండ్లకు పోయినవారు మందులమాట అడుగుదురు, తిండిమాట అడుగుదురు. ఆ యిల్లాలు రాత్రి యెక్కడ పరుండుచున్నదో ఎవరును అడుగరు. నేనును ఇంతవఱకు అడుగలేదు. బస్సులో మామగారు కునుకుతీయుచుండగా అత్తయే తనంతట చెప్పెను.

"నలువదిమూడేండ్లు నన్ను 'ఒసే' యని పిలిచినారే! ఇప్పుడు 'అమ్మా, మీరెవరు?' అనుచున్నారు. ఆ 'మీరు' అన్నమాట వినలేకున్నాను."

ఒకనాటి రాత్రి అలవాటుచొప్పున ఆయన ప్రక్కన పరుండబోగా ఆయన ఉలికిపడి లేచెనట. "నాకు పెండ్లియైనది. మా యింటిది చూచిన బాధపడును. మీరు వెళ్లుడమ్మా" అని చేతులు జోడించెనట. తనకొఱకే తన్ను వెడలగొట్టిన ఆ మగనిని చూచి నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియక అత్త వసారాలో కూర్చుండి తెల్లవార్చెను.

ఇది ద్వేషము కాదని వైద్యులు పిదప తెలిపిరి. ఈ జబ్బులో సాధారణముగా క్రొత్త జ్ఞాపకములు ముందు చెఱగును, పాతవి చాలకాలము నిలుచును. ఆయన వెదకునది ఇరువదేండ్ల పెండ్లికూతురిని. ఎదుట నిలిచినది తలనెఱసిన ముదుసలి. వాదించి ఒప్పింపరాదు, భయపడినప్పుడు తాకరాదు, గదిలో చిన్నదీపముంచవలెను అని చెప్పిరి. కొందఱిలో ఇందుకు విరుద్ధముగా, మెదడు ముందుభాగము దెబ్బతిని, సిగ్గు బిడియములు తొలగి వేళగాని వేళ కోరిక హెచ్చుననియు, అది గుణదోషము కాదు రోగమేయనియు, అట్టివేళ ఇల్లాలు మెల్లగా తప్పుకొని ఆయన మనసు వేఱొకదానిపైకి మరల్చుట తప్పు కాదనియు చెప్పిరట. ఈ తుదిమాట మన యాడువారికి ఎవరో యొకరు ముందే చెప్పవలసినది.

"స్నానము చేయించుచు, అన్నము కలిపిపెట్టుచు ఆయనకు తల్లినైతిని. పగలు తల్లినై రాత్రి భార్యను కావలెనన్న నాకును మనసొప్పదు. అయినను ఒక్కొకప్పుడు ఆ చేయి కావలెననిపించును. ఈ వయసున ఇది పాపమా?" అని అత్త యడిగెను. నాకు తెలిసిన గ్రంథములలో దీనికి జవాబు దొరకలేదు. పాపమెందులకగునని మాత్రము అంటిని.

పెండ్లియైన పదియవనాడు వారిరువురు తిరుచానూరు వచ్చిరట. ఈ మెట్లు చూచిన జ్ఞాపకము వచ్చునేమోయని ఆమె యాస. శాకుంతలము చదువుకొన్న దినములలో దుష్యంతునిపై నాకు కోపము మెండు. అత్త మాత్రము, "అతనికి శాపము, ఈయనకు జబ్బు. ఉంగరమొకటే కఱవు" అనెను.

దర్శనమైన వెనుక పద్మసరోవరము చేరితిమి. ఈ కొలనిలో బంగారుతామరయందు అమ్మవారు కార్తిక శుద్ధ పంచమినాడు వెలసెననియు, ఆ తామర విరియుటకై స్వామి సూర్యుని ప్రతిష్ఠించెననియు స్థలపురాణము. అలమేలుమంగ యను పేరునకు పూవుమీది మగువయని యర్థము. మగడు కొండమీద, ఆలు కొండక్రింద; అయినను ఏటేట పంచమీతీర్థమునాడు తిరుమలనుండి పట్టుచీరయు పసుపుకుంకుమలును సారెగా ఏనుగుపై ఊరేగివచ్చును. అత్త ఆ కథను మామగారికి చెప్పుచుండెను. ఆయన మర్యాదగా వినుచుండెను, పరాయివారి మాట వినినట్లే.

జ్ఞాపకమేమియు రాలేదు.

అత్త లేచి, "ఏమండీ, మీ చేయి పట్టుకొందునా?" అని యడిగెను. ఇట్లు అడిగి తాకుట ఆమె ఈ నాలుగేండ్లలో నేర్చుకొన్నది. ఆయన వెంటనే చేయి చాచి, "రండమ్మా, మెట్లు తడిగానున్నవి" అనెను. ఆ మూడు మెట్లు ఎక్కుటకు వారు చాలసేపు తీసికొనిరి. పైకి వచ్చినను చేయి విడువలేదు. ఎవరు విడువలేదో నేను చూడలేదు.

(మావారు ఇది చదివి, "పత్రికకు పంపదగినదేనా?" అనిరి. అయినను చివరివఱకు చదివి, ఒక అచ్చుతప్పును దిద్ది యిచ్చిరి.)

బస్సు ఎక్కబోవునపుడు మామగారు జేబులోని కుంకుమప్రసాదపు పొట్లమును తీసి అత్త చేతికిచ్చెను. "అమ్మా, నాకు మఱపు హెచ్చు. ఇది మా యింటిదానికి ఈయవలెను. కొంచెము దాచిపెట్టెదరా?"

"అట్లేనండీ, తప్పక ఇత్తును" అని అత్త దానిని కొంగున ముడివైచుకొని, కిటికీ ప్రక్కన ఆయనకు చోటు చూపెను.